కాంగా రిమ్: ట్రెడిషనలా, కంఫర్టా? స్కేలు పెట్టి, చేత్తో వాయించి తేల్చుకునే పద్ధతి

కాంగా, అంటే చేతులతో వాయించే పొడవాటి డ్రమ్, కొనే ముందు జనం చెక్క గురించో తోలు గురించో అడుగుతారని అనుకుంటాం కదా. ఎక్కువమంది అడిగేది మాత్రం "వేళ్లు నొప్పి పెట్టని రిమ్ ఏది?" అని. (రిమ్ అంటే డ్రమ్ తోలును బిగించి పట్టే లోహపు కట్టు.) ఆ ప్రశ్నకు వచ్చే జవాబులు కూడా రెండే. ఒక వర్గం "కంఫర్ట్ రిమ్ తీసుకో, చేతులు బతికిపోతాయి" అంటుంది. ఇంకో వర్గం "అసలు వాయిద్యం కావాలంటే ట్రెడిషనల్ రిమ్మే, కంఫర్ట్ అనేది నేర్చుకునేవాళ్ల కోసం" అని కొట్టిపారేస్తుంది. నేను రెండు రకాలూ ఏళ్ల తరబడి వాయించాను, తోళ్లు మార్చాను, ఒకసారి తొందరపడి రిమ్ కూడా మార్చబోయి నాలుక్కరుచుకున్నాను. నాకు అర్థమైంది ఇదీ: రిమ్ ఏ రకం అనేదానికంటే, అది తోలు మట్టానికి ఎంత కిందికి కూర్చుంది అనేది చాలా పెద్ద విషయం. ఆ కొలత చూడకుండా రకాల గురించి వాదించుకోవడం టైమ్ వేస్టు. దాన్ని ఎలా చూడాలో, ఆ తర్వాత రెండు రకాలనూ న్యాయంగా ఎలా పోల్చాలో చెప్తాను.

అసలు రిమ్ ఎందుకొచ్చింది

క్యూబాలో పుట్టిన ఈ వాయిద్యాన్ని అక్కడ తుంబాదోరా అంటారు. పాత రోజుల్లో దానికి రిమ్మే లేదు. తోలును షెల్, అంటే డ్రమ్ చెక్క ఒళ్లు, అంచు చుట్టూ మేకులతో కొట్టేవాళ్లు, శ్రుతి పెంచాలంటే మంట దగ్గర పెట్టి కాచేవాళ్లు. వాయిస్తూ ఉండగా తోలు చల్లబడి శ్రుతి దిగిపోతే మళ్లీ కాచాల్సిందే. లోహపు రిమ్, హుక్కులు, నట్లతో శ్రుతి చేసుకునే పద్ధతి 1940ల చివర, 50ల మొదట్లో స్థిరపడింది. దాని వెనక క్యూబా కాంగా వాద్యకారుడు కార్లోస్ 'పటాటో' వాల్డెస్ పేరు ఎక్కువగా చెప్తారు.

చరిత్ర పాఠం కోసం ఇది చెప్పట్లేదు. ఓపెన్ టోన్ (నిండుగా మోగే దెబ్బ), స్లాప్ (చురుక్కుమనే పదునైన దెబ్బ), హీల్-టో (అరచేతి మడమ, వేళ్లు మార్చిమార్చి ఊపుతూ వేసేది) లాంటి దెబ్బలన్నీ రిమ్ లేని డ్రమ్ మీద రూపుదిద్దుకున్నాయి. అరచేతి అంచు నేరుగా తోలు కప్పిన చెక్క అంచు మీద పడేది, మధ్యలో ఇనుము లేదు. రిమ్ శ్రుతి కోసం తర్వాత వచ్చి చేరిన చుట్టం. కాబట్టి మంచి రిమ్ అంటే వాయించేటప్పుడు చేతికి తెలియకుండా ఉండే రిమ్. ట్రెడిషనల్ అయినా, కంఫర్ట్ అయినా ఇదే పరీక్ష పెట్టండి.

రెండింటి ఆకారం

తోలు గానీ సింథటిక్ హెడ్ గానీ ఒక లోహపు రింగుకు చుట్టి ఉంటుంది. ఆ రింగును పైనుంచి నొక్కి పట్టేది రిమ్. రిమ్‌కు సాధారణంగా ఐదో ఆరో హుక్కులు ఉంటాయి. వాటి కింద నట్టు బిగిస్తే హుక్కు రిమ్‌ను కిందికి లాగుతుంది, రిమ్ రింగును నొక్కుతుంది, తోలు షెల్ అంచు మీదుగా సాగి శ్రుతి పెరుగుతుంది. రెండు రకాల్లోనూ పని ఇదే.

ట్రెడిషనల్ రిమ్ అంటే నిలువుగా నిలబెట్టి గుండ్రంగా వంచిన ఇనప పట్టీ. కింది అంచు రింగును నొక్కుతుంది, పై అంచు ఆకాశం చూస్తూ ఉంటుంది. మందం తక్కువ, షెల్‌కు దగ్గరగా కూర్చుంటుంది. ఆ పై అంచు తోలు మట్టానికి దగ్గరగా ఉందంటే మాత్రం మీ వేళ్ల మొదళ్లు దాని మీద పడతాయి. సన్నటి అంచు మీద ఎముక పడితే ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు.

కంఫర్ట్ రిమ్‌లో పై అంచు బయటికి గుండ్రంగా ఒంపు తిరిగి ఉంటుంది. లాటిన్ పర్కషన్ కంపెనీ 'కంఫర్ట్ కర్వ్' అనే పేరుతో దీన్ని బాగా ప్రచారంలోకి తెచ్చింది. ఇప్పుడు దాదాపు అన్ని కంపెనీలకూ ఇలాంటిది ఏదో ఒక పేరుతో ఉంది. చెయ్యి రిమ్‌కు తగిలినా దెబ్బ వెడల్పుగా పరుచుకుంటుంది, ఒక గీత మీద కోసినట్టు ఉండదు. కానీ ఈ సుఖం ఊరికే రాదు. రిమ్ బరువెక్కుతుంది, వెడల్పు పెరుగుతుంది, రెండు మూడు డ్రమ్ములు పక్కపక్కన పెడితే ఒక తోలు నుంచి ఇంకో తోలుకు దూరం పెరుగుతుంది. వేగంగా చేతులు మార్చే చోట ఈ దూరం తెలుస్తుంది. ఒక్క డ్రమ్ వాయించేవాళ్లకు దీంతో పనే లేదు.

మొదటి అడుగు: రిమ్‌ను కాదు, కుర్చీని చూడండి

నిజంగానే ఇక్కడి నుంచి మొదలుపెట్టాలి. ఆడలేక మద్దెల ఓడు అన్న సామెత కాంగా వాయించేవాళ్లకు అతికినట్టు సరిపోతుంది, నాతో సహా.

కాంగాలు ఎక్కువగా 28 లేదా 30 అంగుళాల ఎత్తు ఉంటాయి, అంటే 71 లేదా 76 సెంటీమీటర్లు. 30 అంగుళాల డ్రమ్ ముందు పొట్టి కుర్చీలో కూర్చుంటే ముంజేయి తోలు మట్టానికి కింద నుంచి పైకి వస్తుంది. అప్పుడు మణికట్టు కిందికి వేలాడి, అరచేయి మొదట రిమ్‌ను గుద్దుకుని ఆ తర్వాతే వేళ్లు తోలు మీద పడతాయి. ఎంత మెత్తటి రిమ్ పెట్టినా ఈ దెబ్బ తప్పదు. ముంజేయి తోలుకు సమానంగా గానీ కొంచెం పైనుంచి గానీ రావాలి, మోచేతులు ఒంటికి అతుక్కుని ఉండకూడదు. స్టాండు మీద పెట్టి నిలబడి వాయించినా ఇదే లెక్క. కుర్చీ రెండు మూడు సెంటీమీటర్లు పైకి జరిపి పావుగంట వాయించి చూడండి. రిమ్ మీద ఉన్న ఫిర్యాదుల్లో ఎన్నో ఇక్కడే మాయమైపోతాయి.

ఉంగరాలు తీసెయ్యండి. తోలుకూ మంచిది, వేలికీ మంచిది.

రెండో అడుగు: స్కేలు తెచ్చి కొలవండి

ఈ మొత్తం విషయంలో నాకు అన్నిటికంటే ముఖ్యమైన భాగం ఇది, కాబట్టి కాస్త నిదానంగా.

వంకర లేని స్కేలు ఒకటి తోలు మీద అడ్డంగా, మధ్య నుంచి పోయేలా పెట్టండి, కొన రిమ్ దాటి బయటికి రావాలి. స్కేలు అడుగు నుంచి రిమ్ పై అంచు దాకా ఎన్ని మిల్లీమీటర్ల ఖాళీ ఉందో ఇంకో చిన్న స్కేలుతో కొలవండి. దీన్ని నేను 'దిగుడు' అంటాను, ఎవరూ పెట్టిన పేరు కాదు, నా సొంత వాడుక. ప్రతి హుక్కు దగ్గరా కొలిచి రాసుకోండి, ఎందుకంటే సహజ తోలు అన్ని వైపులా ఒకేలా సాగదు, ఒక పక్క 15, ఇంకో పక్క 9 మిల్లీమీటర్లు ఉండటం మామూలే. చేతులు పడేది మీకు దగ్గరగా ఉన్న వైపు. కాబట్టి దిగుడు ఎక్కువున్న వైపును మీ వైపు తిప్పుకుంటే పైసా ఖర్చు లేకుండా సగం సమస్య తీరిపోతుంది. ఈ చిన్న విషయం చాలామందికి తట్టదు. నాకూ చాలాకాలం తట్టలేదు.

నా చేతికి సరిపడే లెక్క చెప్తాను. ట్రెడిషనల్ రిమ్ అయితే 12 మిల్లీమీటర్లకు పైన దిగుడు ఉంటే రిమ్ ఉందన్న సంగతే మర్చిపోతాను. 6 కంటే తక్కువైతే గంటసేపు వాయించలేను. కంఫర్ట్ రిమ్ అయితే 6 నుంచి 8 ఉన్నా ఇబ్బంది లేదు, కానీ తోలు మట్టానికి సమానంగా ఉంటే ఒంపు ఎంత నున్నగా ఉన్నా స్లాప్ పాడవుతుంది. పెద్ద అరచేతులున్నవాళ్లకు ఈ అంకెలు కొంచెం మారొచ్చు. మీ అంకె మీరు వాయించి కనుక్కోవాలి.

పనిలో పనిగా ఇంకో రెండు చూడండి. ఒకటి, హుక్కు తలలు. కొన్ని ట్రెడిషనల్ రిమ్ములకు హుక్కు పై భాగం రిమ్ అంచు కంటే పైకి పొడుచుకొచ్చి ఉంటుంది. వేలు తగిలేది దానికి, తిట్లు పడేది రిమ్‌కు. డ్రమ్‌ను కాస్త తిప్పి రెండు హుక్కుల మధ్య భాగం మీ వైపు వచ్చేలా పెట్టుకుంటే సరి. రెండోది, షెల్ పై అంచు, అంటే బేరింగ్ ఎడ్జ్. తోలు మీద నుంచే బొటనవేలితో తడిమి చూడండి. అది గుండ్రంగా ఉందా, పదునుగా ఉందా? రిమ్ కిందికి దిగి ఉన్న డ్రమ్‌లో అరచేయి పడేది దీని మీదే. పదునైన అంచు మీద కంఫర్ట్ రిమ్ ఉన్నా చెయ్యి నొప్పి పెడుతుంది.

మూడో అడుగు: పోల్చే ముందు శ్రుతి కలపండి

రెండు డ్రమ్ములు పక్కపక్కన పెట్టి నాలుగు దెబ్బలు కొట్టి "ఇది బాగుంది" అనేస్తాం. అది రిమ్ తేడా కాదు, చాలాసార్లు శ్రుతి తేడా, లేదా తోలు మందం తేడా. బిగుతుగా ఉన్న తోలు చేతిని వెంటనే వెనక్కి తోస్తుంది కాబట్టి స్లాప్ తేలికగా వస్తుంది. వదులుగా ఉన్నదాని మీద అదే స్లాప్ కోసం గట్టిగా కొడతాం, గట్టిగా కొడితే రిమ్ తగులుతుంది, నేరం రిమ్ మీద పడుతుంది.

కాబట్టి ఒకే సైజు డ్రమ్ములు తీసుకోండి. సైజులు కంపెనీని బట్టి కాస్త మారతాయి గానీ మామూలుగా తోలు అడ్డకొలత చిన్నదైన కింటోకు 11 అంగుళాలు, మధ్యదైన కాంగాకు 11¾, పెద్దదైన తుంబాకు 12½. ఫోన్‌లో ట్యూనర్ యాప్ పెట్టుకుని రెండింటినీ ఒకే స్వరానికి తెండి. మధ్య సైజు కాంగాను చాలామంది మిడిల్ సి (పియానో మధ్యలోని సి స్వరం) దగ్గర పెడతారు, అక్కడే పెట్టుకోండి. నట్లు ఒక్కొక్కటి పావు చుట్టు, ఎక్కువంటే అర చుట్టు, మొత్తం చుట్టూ తిరిగి వచ్చేలా బిగించాలి. ఒకే నట్టును రెండు మూడు చుట్లు లాగేస్తే రిమ్ ఒక పక్కకు ఒరుగుతుంది, మీ దిగుడు లెక్కలన్నీ తారుమారు. వీలైతే రెండింటి మీదా ఒకే రకం తోలు ఉండాలి. ఒకదాని మీద మందపాటి గేదె తోలు, ఇంకోదాని మీద సింథటిక్ హెడ్ పెట్టి రిమ్‌లు పోల్చడం అర్థం లేని పని.

శ్రుతి కలిపాక దిగుడు మళ్లీ కొలవండి, మారి ఉంటుంది. రెండు డ్రమ్ముల దిగుడులో పెద్ద తేడా ఉంటే ఆ సంగతి మనసులో పెట్టుకునే తీర్పు చెప్పాలి.

నాలుగో అడుగు: ఒక్కో దెబ్బ విడివిడిగా

ఓపెన్ టోన్‌తో మొదలుపెట్టండి, ఎందుకంటే రిమ్ బండారం ఎక్కువగా బయటపడేది ఇక్కడే. నాలుగు వేళ్లూ కలిపి, బొటనవేలు పైకెత్తి, అరచేతిలో వేళ్ల మొదళ్ల దగ్గరి కండ అంచు మీద పడేలా కొట్టి వెంటనే వదిలెయ్యాలి. నెమ్మదిగా, ఒక్కో చేత్తో యాభై దెబ్బలు. తర్వాత అరచేయి తిప్పి చూడండి. ఎరుపు కండ మీద పరుచుకుని ఉందా, లేక కీళ్ల కింద ఒక గీతలా ఉందా? గీత ఉంటే రిమ్ తగులుతోంది. పరుచుకుని ఉంటే బాగానే ఉంది, ఆ ఎరుపు మామూలే. ఈ పరీక్ష రెండు డ్రమ్ముల మీదా చెయ్యండి, మధ్యలో పది నిమిషాలు విరామం ఇచ్చి. లేకపోతే మొదటిదాని మంట రెండోదాని ఖాతాలో పడుతుంది.

స్లాప్ దగ్గర కథ వేరు. స్లాప్‌లో అరచేతి అంచు డ్రమ్ అంచు దగ్గర ఆనుతుంది, వేళ్ల కొనలు కొరడాలా తోలు మీద పడతాయి. కంఫర్ట్ రిమ్ ఎత్తుగా, వెడల్పుగా ఉంటే ఆ ఆనే చోటు బయటికీ పైకీ జరుగుతుంది, వేళ్లు తోలు మీద పడే కోణం మారుతుంది. అప్పుడు చెయ్యి కొంచెం లోపలికి జరపాలి. కంఫర్ట్ రిమ్‌కు అలవాటైనవాళ్లు ట్రెడిషనల్ దగ్గరికి వచ్చినప్పుడు స్లాప్ లోతుగా, డొల్లగా రావడానికీ, ట్రెడిషనల్ నుంచి ఇటు వచ్చినవాళ్లు "ఇది దద్దరిల్లట్లేదు" అని గొణగడానికీ ఇదే కారణం. డ్రమ్ తప్పు కాదు, చెయ్యి పాత కొలత మీద పడుతోంది. కనీసం వారం వాయించకుండా స్లాప్ మీద తీర్పు చెప్పొద్దు.

హీల్-టోలో చెయ్యి పూర్తిగా తోలు మీదే ఉంటుంది కాబట్టి పెద్ద తేడా ఉండదు. అయితే తుంబావో (కాంగా మీద మళ్లీ మళ్లీ తిరిగే మూల లయ) లాంటి వరసను పావుగంట ఆపకుండా వాయించేటప్పుడు ఎడమచేతి మణికట్టు అంచు దగ్గర రాసుకుంటూ ఉంటుంది. అక్కడ కంఫర్ట్ రిమ్ నిజంగా హాయిగా ఉంటుంది, ఒప్పుకోవాలి. అరచేతితో తోలు మధ్యలో కొట్టే బేస్ దెబ్బకు రిమ్‌తో సంబంధమే లేదు, వదిలెయ్యండి.

ఆ తర్వాత అసలు పరీక్ష: పాట వెంట నలభై నిమిషాలు. విడి దెబ్బల్లో చెయ్యి జాగ్రత్తగా ఉంటుంది, పాటలో పడ్డాక ఒళ్లు మర్చిపోతాం, అలసిపోయేకొద్దీ మణికట్టు కిందికి జారుతుంది. రిమ్ ఎలాంటిదో చివరి పది నిమిషాల్లో తెలుస్తుంది.

(ఒక మాట. గంటల తరబడి గట్టిగా వాయించాక మూత్రం ఎర్రగానో టీ డికాషన్ రంగులోనో వస్తే భయపడి దాచుకోవద్దు, కొట్టిపారెయ్యనూ వద్దు. అరచేతుల్లో ఎర్ర రక్తకణాలు చితికి అలా రావడం చేతులతో డ్రమ్ వాయించేవాళ్లలో డాక్టర్లు గమనించిన విషయమే. వాయించడం ఆపి డాక్టరును కలవండి. ఆ రోజుకు రిమ్ చర్చ పక్కన పెట్టండి.)

ఐదో అడుగు: శబ్దంలో తేడా ఉందా?

ట్రెడిషనల్ రిమ్ శబ్దం పొడిగా, పదునుగా ఉంటుందనీ, కంఫర్ట్ రిమ్ బరువు వల్ల మందగిస్తుందనీ అంటారు. నేను నమ్మాలనే ప్రయత్నించాను. ఫోన్‌ను మీటరు దూరంలో ఒకేచోట పెట్టి, ఒకే శ్రుతిలో, ఒకే రకం తోలుతో రెండూ రికార్డు చేసి, ఏది ఏదో చెప్పకుండా వినిపించమని స్నేహితుణ్ని అడిగాను. ఊహించి చెప్పినదానికంటే గొప్పగా ఏమీ చెప్పలేకపోయాను. మీరూ ఇలాగే చేసి చూడండి, మీ చెవి నా చెవి కంటే మెరుగేమో.

నా ఉద్దేశంలో తేడా వస్తే అది చేతి నుంచి వస్తుంది. రిమ్ గుచ్చుతుందనే భయం ఉన్న చెయ్యి తెలియకుండానే వెనక్కి తగ్గుతుంది, ఓపెన్ టోన్ సన్నగా వస్తుంది. భయం లేని చెయ్యి నిండుగా పడుతుంది. దాన్నే మనం రిమ్ శబ్దం అనుకుంటాం. తోలు మందం, షెల్ ఆకారం, బేరింగ్ ఎడ్జ్, డ్రమ్ అడుగు నేలకు ఎంత ఎత్తులో ఉంది, ఇవన్నీ శబ్దాన్ని మార్చే విషయాలు. రిమ్ చివరి బెంచీలో కూర్చునే విద్యార్థి. ఒక్క మినహాయింపు: వంగిపోయిన రిమ్. గుండ్రం తప్పిన రిమ్ ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ నొక్కుతుంది, శ్రుతి ఎప్పటికీ నిలకడగా రాదు. పాత డ్రమ్ కొనేటప్పుడు రిమ్ తీయించి చదునైన బల్ల మీద పెట్టి ఊగుతుందేమో చూడండి.

ఆరో అడుగు: తోలు మార్చే రోజును ఇప్పుడే ఊహించుకోండి

కొనేటప్పుడు ఎవరూ ఆలోచించని విషయం ఇది. ట్రెడిషనల్ రిమ్‌తో ఉన్న సుఖం ఏంటంటే, సరైన కొలత రింగు ఉంటే చాలు, ఏ మందం తోలైనా నానబెట్టి మీరే చుట్టేసుకోవచ్చు, మిగిలిన తోలు తీరిగ్గా కోసుకోవచ్చు. కంఫర్ట్ రిమ్‌లో ఒంపు లోపల చోటు పరిమితం. తోలు చుట్టిన రింగు అందులో ఇమడాలి. బాగా మందపాటి తోలు మడత పడితే ఇరుక్కుంటుంది, లేదా రిమ్ సమంగా కూర్చోదు. ముందే రింగుకు చుట్టి అమ్మే హెడ్ కొంటే రింగు బయటి వ్యాసం, కాలర్ (తోలు మట్టం నుంచి రింగు దాకా కిందికి దిగే పక్క భాగం) లోతు రెండూ చూసుకోవాలి. డ్రమ్ సైజు 11¾ అని రాసి ఉన్నంత మాత్రాన అన్ని 11¾ డ్రమ్ములకూ పట్టదు.

సింథటిక్ హెడ్‌లో కాలర్ లోతు ఫ్యాక్టరీలోనే ఖాయమైపోతుంది. అంటే మీ దిగుడును నిర్ణయించేది హెడ్ తయారుచేసినవాళ్లు, మీరు కాదు. రెమో లాంటి కంపెనీలు రిమ్ రకాన్ని బట్టి వేరువేరు హెడ్‌లు చేస్తాయి, కాబట్టి మీ డ్రమ్ మోడల్, రిమ్ రకం రెండూ చెప్పి అడగండి. పొరపాటున తక్కువ లోతున్నది తెస్తే రిమ్ తోలు మట్టానికి వచ్చి నిలబడుతుంది.

మరి ఏది తీసుకోవాలి?

సింథటిక్ హెడ్ వాడతాను, నట్లు తిప్పడం తప్ప వేరే మరమ్మత్తు నాకొద్దు అనేవాళ్లు కళ్లు మూసుకుని కంఫర్ట్ తీసుకోవచ్చు. వారానికి నాలుగైదు రోజులు గంటలకొద్దీ వాయించేవాళ్లు, వేళ్ల కీళ్లకు ముందే ఏదైనా బాధ ఉన్నవాళ్లు కూడా. అందులో చిన్నతనం ఏమీ లేదు. కంఫర్ట్ రిమ్ వాడితే టెక్నిక్ పాడవుతుందనే మాటలో కొంచెం నిజం ఉంది, తప్పు కోణంలో కొట్టినా అది క్షమిస్తుంది కాబట్టి తప్పు తెలియకుండా ఉండిపోవచ్చు. కానీ నొప్పితో వాయించడం మానేసినవాడి టెక్నిక్ ఎలా బాగుపడుతుంది?

తోలు తానే చుట్టుకోవాలనుకునేవాళ్లకు, మూడు నాలుగు డ్రమ్ములు దగ్గరదగ్గరగా పెట్టుకునేవాళ్లకు, మందపాటి తోలు ఇష్టపడేవాళ్లకు నేను ట్రెడిషనల్ చెప్తాను, ఒకే షరతు మీద: దిగుడు సరిగ్గా ఉండాలి. నా ఓటు కూడా దీనికే. సరిగ్గా దిగిన ట్రెడిషనల్ రిమ్ చేతికి అసలు తగలదు, తగలనిదానికి మెత్తదనం ఎందుకు?

ఏడో అడుగు: ఉన్న రిమ్‌నే కిందికి దింపుకోవడం

నా మొదటి కాంగా పాతది కొన్నాను, ట్రెడిషనల్ రిమ్. వేళ్లు వాచిపోయేవి. రెండేళ్లు రిమ్‌ను తిట్టుకుంటూ వాయించాక, ఒకసారి ఊరికే స్కేలు పెట్టి చూస్తే దిగుడు ఎంతో తెలుసా? మూడు మిల్లీమీటర్లు. ముందున్న యజమాని బండ తోలును కాలర్ లేకుండా చుట్టించుకున్నాడు. కొత్త తోలు వేస్తే అదే రిమ్, అదే డ్రమ్, నొప్పి పోయింది. కాబట్టి రిమ్ మార్చే ముందు ఇది చేసి చూడండి.

నట్లన్నీ కొంచెం కొంచెంగా, చుట్టూ తిరుగుతూ వదులు చేసి రిమ్ తీయండి. ఏ హుక్కు ఎక్కడ ఉందో ముందే ఫోటో తీసి పెట్టుకోండి. షెల్ అంచు తుడిచి కొవ్వొత్తి మైనం పలచగా రుద్దండి, తోలు జారుతూ సమంగా సాగుతుంది. కొత్త తోలును మామూలు నీళ్లలో నానబెట్టాలి, వేడినీళ్లు వద్దే వద్దు, తోలు పాడైపోతుంది. మందాన్ని బట్టి కొన్ని గంటల నుంచి ఒక రాత్రి దాకా పడుతుంది. తడి గుడ్డలా వంగితే తయారైనట్టు.

తోలు షెల్ మీద పరిచి, రింగు పెట్టి, అంచులు రింగు మీదుగా పైకి మడిచి, దాని పైన రిమ్ పెట్టండి. హుక్కులు తగిలించి నట్లు చేతి వేళ్లతోనే బిగించండి. పటకారుతో మడిచిన అంచులను చుట్టూ లాగుతూ ముడతలు తీసెయ్యండి. ఇక అసలు నిర్ణయం ఇక్కడ: రిమ్ ఎంత ఎత్తులో ఆపాలి? పలచటి తోలు ఎండాక బాగా సాగుతుంది కాబట్టి తడిగా ఉన్నప్పుడు రిమ్ పై అంచు తోలు మట్టానికి సమానంగా ఉన్నా చాలు, శ్రుతి చేసేకొద్దీ దిగుతుంది. మందపాటి తోలు సాగేది తక్కువ, దానికి తడిగా ఉన్నప్పుడే ఏడెనిమిది మిల్లీమీటర్లు దిగుడు ఇచ్చేస్తాను. మరీ అత్యాశకు పోయి బాగా కిందికి లాగితే రేపు శ్రుతి పెంచాలన్నప్పుడు నట్టుకు మర మిగలదు. పైగా కాంగా పొట్ట కిందికి వెళ్లేకొద్దీ లావవుతుంది కాబట్టి రిమ్ షెల్‌కు రాసుకుంటుంది.

తడి తోలును రెంచితో బిగించవద్దు. ఎండేటప్పుడు తోలు తనంతట తానే ముడుచుకుని రిమ్‌ను పైకి లాగుతుంది, ముందే బిగించి ఉంటే చిరుగుతుంది, లేదా రిమ్ వంగుతుంది. ఎండ తగలకుండా, ఫ్యాను నేరుగా కొట్టకుండా నీడలో రెండు మూడు రోజులు వదిలెయ్యండి. ఆ తర్వాత రోజుకు కాస్త చొప్పున వారం పాటు శ్రుతి పెంచుకుంటూ రండి. రిమ్ పైన మిగిలిన తోలును పదునైన బ్లేడుతో కోసెయ్యండి, కోసేటప్పుడు కత్తి తోలు వైపు కాకుండా బయటికి ఉండాలి. ఇది చెప్పడం తేలిక, మొదటిసారి అందరూ గీత పెట్టేస్తారు.

సహజ తోలైతే వాయించడం అయ్యాక నట్లు వదులు చేసే అలవాటు పెట్టుకోండి. బిగించి వదిలేస్తే తోలు సాగి సాగి రిమ్ మరీ కిందికి వెళ్లిపోతుంది. మరలకు అప్పుడప్పుడు కొంచెం గ్రీజు.

ఎనిమిదో అడుగు: అయినా రిమ్మే మార్చాలంటే

రెండు రిమ్ముల వ్యాసం ఒకటైతే సరిపోతుందనుకోవద్దు. హుక్కుల సంఖ్య (ఐదా, ఆరా), వాటి మధ్య దూరం, హుక్కు వంపు ఆకారం, అది పట్టే రంధ్రం, హుక్కు పొడవు, ఇవన్నీ కలవాలి. హుక్కు కడ్డీ మందం చాలా కాంగాల్లో 8 మిల్లీమీటర్లో 5/16 అంగుళమో ఉంటుంది. రెండూ చూడటానికి ఒకటే, మర మాత్రం కలవదు, బలవంతంగా తిప్పితే నట్టు పాడవుతుంది. అందుకే అదే కంపెనీ, అదే మోడల్ వరసలో కంఫర్ట్ రిమ్ దొరికితేనే దిగండి, హుక్కులు కూడా వాళ్లవే తీసుకోండి. నేను తొందరపడింది ఇక్కడే. వేరే కంపెనీ రిమ్ తెచ్చి పెట్టాక చూస్తే ఐదు హుక్కుల్లో నాలుగే సరిగ్గా నిలబడ్డాయి, ఐదోది ఏటవాలుగా లాగుతోంది. తిరిగి ఇచ్చేద్దామంటే పెట్టె చించేశాను.

కొత్త రిమ్‌తో పాత తోలు కలుస్తుందన్న గ్యారంటీ లేదు, రింగు కొలత వేరైతే తోలు కూడా మార్చాల్సి వస్తుంది, ఆ ఖర్చు ముందే లెక్కలో వేసుకోండి. బిగించాక మొదటి వారం ప్రతి రోజూ దిగుడు కొలవండి, ఒక పక్క మిగతావాటి కంటే రెండు మూడు మిల్లీమీటర్లు ఎక్కువ దిగితే ఆ పక్క నట్టు వదులు చేసి ఎదుటిది బిగించండి.